నాలుగూళ్ల కరెంటు బేరం

"లైట్ కిస్‌నే బంద్ కియా? కౌన్ హై అందర్?"

కరెంటు ఎవరు తీశారని హిందీలో అరుస్తూ జనరేటర్ షెడ్డు రేకు తలుపు మీద దబదబా బాదుతోంది ఎవరో ఆడమనిషి. లోపల చాప మీద, మొహాన తడి తువ్వాలు వేసుకుని ఓంకార్ నిద్రపోతున్నాడు. మిషన్ ఆగితేనే వాడికి నిద్ర. అది నడుస్తున్నంతసేపూ పక్కన కూర్చున్నవాడి మాట కూడా వినబడదు.

"అర్బాబ్ కా ఆర్డర్ హై మేడమ్. దోపహర్ మే బంద్ రహేగా," అన్నాడు తువ్వాలు తీయకుండానే. అర్బాబంటే యజమాని, మధ్యాహ్నం మిషన్ ఆపమన్నది ఆయనే.

"క్లినిక్ కే ఫ్రిజ్ మే ఇన్సులిన్ హై!"

"అర్బాబ్ కో బోలో."

తలుపు అవతల తనలో తను అనుకున్నట్టు, కానీ గట్టిగానే అందామె. "వీని మొఖానికి డీజిల్ పొయ్య!"

ఓంకార్ దిగ్గున లేచి కూర్చున్నాడు. "పొయ్యకు సిస్టరూ. అర్బాబు చుక్కచుక్క చూసుకుంటడు."

తలుపు సందులోంచి రెండు కళ్ళు కనబడ్డాయి. ఎండకి ఎర్రబడిన మొహం, తెల్ల కోటు, తెల్ల చెప్పుల నిండా దుమ్ము.

"నువ్వు మనోనివా?"

"మెట్‌పల్లి."

"మాది ఆర్మూర్. మా దిక్కు ఇట్ల మొద్దునిద్ర పోయేటోళ్లు ఉండరు."

"మా దిక్కు ఇట్ల తలుపులు పలగ్గొట్టే ఆడోళ్లు ఉండరు."

ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకుందని మాత్రం ఓంకార్ గట్టిగా నమ్మాడు. మగపిల్లలు ఇలాంటివి చాలా తొందరగా నమ్ముతారు లెండి.

ఆమె పేరు నవీన. ఒమన్‌లోని బహ్లా టౌను దాటి గుట్టల్లోకి పోయే రోడ్డు మీద మలయాళీ డాక్టర్ పెట్టిన చిన్న క్లినిక్‌లో నర్సు. కువైట్ యుద్ధం ముగిసిన మరుసటేడు ఈ సంగతి. బహ్లాలో కరెంటుంది గానీ, ఆ గుట్టల్లో ఉన్న నాలుగు ఊళ్ళకి సర్కారు తీగ ఇంకా చేరలేదు. అక్కడ కరెంటు అమ్మేది ఇద్దరు అర్బాబులు. ఓంకార్ అర్బాబు సాలెం ఒకడు, గుట్ట అవతలివాడు ఇంకొకడు. ఎవరి మిషన్లు వాళ్ళవి, ఎవరి రేటు వాళ్ళది. ఏ ఊరి షేక్ ఆ ఊరి కోసం విడిగా వచ్చి బేరం చేసుకుని, నాకే చవకగా ఇచ్చాడని మీసం మెలేస్తూ పోతాడు. అర్బాబులిద్దరూ నలుగురినీ అలాగే మురిపించి పంపేవాళ్ళు.

డీజిల్ మిగలడానికి రోజూ మిట్టమధ్యాహ్నం మిషన్ బంద్. యాభై డిగ్రీల ఎండలో ఫ్యాన్ ఆగితే చెమటలు పడతాయి, అంతే. ఫ్రిజ్ ఆగితే మందు పాడవుతుంది, షుగరున్న ముసలివాళ్ళ ప్రాణం మీదికొస్తుంది.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం వేళ షెడ్డు వెనక నీళ్ళ మోటారు కోసం ఉన్న చిన్న మిషన్ గుట్టుగా నడవడం మొదలైంది. దాని తీగ ఒకటి క్లినిక్ వైపు పాకింది. అర్బాబుకి తెలియదు. ఓంకార్‌కి తెలుసు, క్లినిక్‌లో ఆయాగా పనిచేసే జైనబీకి తెలుసు. జైనబీ కడప మనిషి, అందరికీ ఖాలా, అంటే పిన్నమ్మ. నవీనకి రూమ్‌లో తోడు, ఇద్దరికీ వంట, మిగిలిన టైములో పెత్తనం.

"ఏం నాయనా, కరెంటు ఊరికే ఇస్తాండావా, ఏమన్నా ఆశపడతాండావా?" అని టిఫిన్ డబ్బా షెడ్డులో పెడుతూ అడిగిందొకరోజు.

"ఊరికే ఖాలా. మానవసేవ."

"ఊఁ. మా క్లినిక్ పక్కన బంగ్లాదేశోళ్ల రూమ్ ఉండాది. వాళ్లకూ ఫ్యాన్ లేదు. ఆ సేవ కూడా చేయరాదా?"

ఓంకార్ డబ్బా మూత తీశాడు. "పప్పుల ఉప్పెక్కువైంది ఖాలా."

"నేను చేయలే. ఆ పిల్ల చేసింది."

"సరిపోయింది. సరిగ్గ సరిపోయింది ఉప్పు."

జైనబీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ వెళ్ళిపోయింది.

అలా ఎండాకాలం గడిచింది. నవీన ఊళ్ళమ్మట ఇంజెక్షన్లకి పోయేటప్పుడు దారి కాని దారిలో షెడ్డు ముందు నుంచి పోయేది. ఓంకార్ అప్పుడే బయట ఏదో బోల్టు బిగిస్తుండేవాడు. బోల్టు ఎప్పుడూ బిగిసే ఉండేది.

ఆ చలికాలం ఒకరోజు వాన పడింది. ఒమన్‌లో వాన పడితే జనం ఇళ్ళలోకి పరిగెత్తరు, బయటికి పరిగెత్తుతారు. పిల్లలు, ముసలివాళ్ళు అందరూ బయటికొచ్చి తడుస్తున్నారు. ఓ ఇంజెక్షన్ ఇచ్చి తిరిగొస్తున్న నవీన, జైనబీల దారికి అడ్డంగా వాగు వచ్చేసింది. ఇద్దరూ నిలువునా తడిసి షెడ్డులోకొచ్చారు. మిషన్‌లోకి నీళ్ళు పోతాయని ఓంకార్ ఆపేశాడు. చాలా రోజుల తర్వాత పొద్దున పూట ఆ షెడ్డులో మనుషుల మాట వినబడింది.

"తల తుడుచుకో, జలుబు చేస్తది," అని తువ్వాలు ఇచ్చాడు.

"దీంతోనా? దీనికి మీ మిషన్ కంటే ఎక్కువ ఆయిలుంది."

"ఇస్తే ఇట్ల, ఇయ్యకపోతే అట్ల."

నవీన కోటు చివరతో మొహం తుడుచుకుని, ఉన్నట్టుండి అంది. "మీ అర్బాబు, నేను రోజు సూదేసే ముసలామె మౌజా వాళ్ల ఊరికొక రేటు, పక్కూరికొక రేటు పెట్టిండు. అవతలాయన ఇంకో రెండు ఊర్లకు ఇంకో రెండు రేట్లు. ఎరుకేనా?"

ఓంకార్ అదిరిపడ్డాడు. "నీకెట్ల తెలుసు? ఒక షేక్ ఇంకో షేక్‌కు చెప్పుకోడు."

"మొగోళ్లు చెప్పుకోరు. సూది గుచ్చుతుంటే ఆడోళ్లు అన్నీ చెప్తరు." ఆమె కళ్ళు మెరిశాయి. "నాలుగూర్లోళ్లు ఒక్కటై, ఒక్కటే బేరం పెడితే ఏమైతది?"

"ఏమైతది? ఇద్దరు అర్బాబులు వచ్చి వాళ్ల గుమ్మం ముందల నిలబడ్తరు. ఇప్పుడు చిన్న చిన్న మిషన్లు సగం సగం నడుస్తున్నయ్, డీజిలంత దండుగ. ఒక్క పెద్ద మిషన్ నిండ నడిస్తే పగలు బంద్ పెట్టే పనే ఉండదు."

"మరి మీ అర్బాబుకు ఆ బేరం రాకపోతే?"

"ఎందుకు రాదు? ఈ గుట్టల్ల మాకున్నంత మిషన్ ఎవనికుంది?"

"రాకపోతే అంటున్న."

"రాకపోతే నీ దగ్గర కొస్త. సూదులు పట్టుకోనీకి పెట్టుకో."

"ముందు చేతులు కడుక్కో." ఈసారి ఆమె నవ్వింది. వాన రేకుల మీద దడదడలాడుతున్నా ఆ నవ్వు వాడికి స్పష్టంగా వినబడింది.

జైనబీ మూల నుంచి "వాగు తగ్గిందేమో సూడండి, మీ ఇద్దరికీ ఇప్పట్లో తగ్గేట్టు లేదు," అని విసుక్కుంది.

నవీన మాట మౌజాకి చేరింది. మౌజా పెద్ద ఊరి షేక్ హమూద్‌కి తల్లి. రోజూ నవీన చేత ఇన్సులిన్ వేయించుకుంటుంది, నవీన మాట్లాడే అరబ్బీలో తప్పులు దిద్దుతుంది. ఆ ముసలామె కొడుకుని పిలిచి నాలుగు ఊళ్ళ రేట్లూ వరసగా వినిపించింది. హమూద్‌కి సిగ్గేసింది. మిగిలిన ముగ్గురు షేక్‌లకీ సిగ్గేసింది. నెల తిరక్కుండా నలుగురూ ఒక చాప మీద కూర్చున్నారు. నాలుగూళ్ళూ, అంగళ్ళూ, క్లినిక్కూ అన్నిటికీ కలిపి ఒకటే బేరం, ఒకటే రేటు, పగలూ రాత్రీ ఆగని కరెంటు. ఎవరిస్తే వాళ్ళకే.

అవతలి అర్బాబు మస్కట్ నుంచి కొత్త పెద్ద మిషన్ తెచ్చాడు. బేరం అతనికి పోయింది.

సాలెం అర్బాబు కేకలేయలేదు. షెడ్డుకొచ్చి, మిషన్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఓంకార్‌తో అన్నాడు. "దీన్ని విప్పు. ఖబూరాలో నా తోట ఉంది, మోటార్లకు పనికొస్తుంది. నువ్వూ రా. అక్కడ ఇల్లుంది, రెండు గదులు. పెళ్ళి చేసుకో, ఫ్యామిలీ వీసా నేను తీస్తాను. నా దగ్గర నమ్మకంగా పనిచేశావు."

ఓంకార్‌కి కాళ్ళు నేల మీద నిలవలేదు. గల్ఫ్‌లో మిషన్ పోతే మనిషి పోతాడు, అందరికీ తెలిసిందే. అలాంటిది పని మిగిలింది, పైగా ఇల్లు, పైగా ఫ్యామిలీ వీసా! లేబర్ పనికొచ్చినవాడికి ఎవడిస్తాడండీ? ఈ మాట నవీనకి తీరిగ్గా, తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని చెప్పాలనుకున్నాడు. మిషన్ విప్పడం పూర్తయ్యేదాకా క్లినిక్ వైపే పోలేదు. చేతులు నల్లగా ఉన్నాయని సిగ్గట.

ఇక్కడ నవీనకి నిద్ర లేదు.

"వాన్ని విమానం ఎక్కిచ్చి ఇంటికి పంపుతరు ఖాలా. మిషన్ విప్పుతున్నరట. నేను పెట్టిన బేరమే వాని నోటికాడి కూడు తీసింది."

"పోయి మాట్లాడు మరి."

"ఏమని మాట్లాడాలె? అయ్యో పాపం అనాల్నా?"

ఆమె మాట్లాడింది. వాడితో కాదు, మౌజాతో. కొత్త మిషన్‌కి సాలెం దగ్గరున్న ఓంకారే కావాలని షేక్‌లు అడగాలంది. ఎందుకంది మౌజా. మంచి పనివాడు అంది నవీన. ముసలామె సూది వేయించుకున్న చెయ్యి రుద్దుకుంటూ, "నేను తొమ్మిదిమందిని కన్నాను. నాకు సరిగ్గా చెప్పు," అంది.

నవీన తల వంచుకుని, తనకొచ్చిన ఆస్పత్రి అరబ్బీలో చెప్పింది. "నేను అతన్ని పెళ్ళి చేసుకుంటాను."

బయటికొచ్చాక జైనబీ నెత్తి కొట్టుకుంది. "వాడితో అనకనే ఊరికి చెప్తివి కదే!"

"అనేదేముంది ఖాలా. వాని మొఖం చూస్తే తెలుస్తలేదా?"

తెలుస్తూనే ఉంది. వాడి మొహం చూసి ఎవరైనా చెప్పగలరు. వాడి నోటి సంగతే ఎవరికీ తెలియదు.

ఆ వారంలోనే నలుగురు షేక్‌లూ సాలెం ఇంటికొచ్చారు. కాఫీ పోసే మనిషి ఊళ్ళో లేడని అర్బాబు ఓంకార్‌ని పిలిచాడు. వాడు చేతులు కడుక్కుని, కాఫీ కూజా పట్టుకుని, చిన్న చిన్న కప్పుల్లో పోసి ఒక్కొక్కరికీ అందించాడు. నలుగురూ అందుకున్నారు. అందుకుని, ముందున్న చాప మీద పెట్టారు.

సాలెం వాన సంగతి మాట్లాడాడు. ఖర్జూరం కాపు గురించి మాట్లాడాడు. నలుగురూ జవాబు చెప్పారు, కప్పు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. కాఫీ బాగా లేదేమోనని ఓంకార్‌కి భయం పట్టుకుంది. "తాగండి షేక్, చల్లారిపోతుంది," అని వచ్చీరాని మర్యాద చేశాడు. హమూద్ వాడి వైపు చూసి చిన్నగా నవ్వాడు.

సాలెం కప్పుల్ని చూశాడు. "అడగండి హమూద్. నా ఇంటికొచ్చి కాఫీ ముట్టకుండా కూర్చుంటే నేను కాదనగలనా? నా కరెంటు వద్దన్నారు. ఇంకేం కావాలి?"

"నీ మనిషి కావాలి. ఈ ఓంకార్‌కి రిలీజ్ ఇవ్వు, మా ఊళ్ళకి పనిచేస్తాడు. క్లినిక్‌లో పిల్ల అడిగింది. వీళ్ళిద్దరూ పెళ్ళి చేసుకుంటారట. మా అమ్మ మాట ఇచ్చింది."

ఓంకార్ కూజా రెండు చేతులా పట్టుకున్నాడు.

సాలెం వాడి వైపు తిరిగాడు. కోపంగా కాదు, అది ముఖ్యం. మామూలుగానే అడిగాడు. "నిజమేనా? ఆ అమ్మాయి నీకేమవుతుంది?"

ఇప్పుడు వాడి బుర్రలో ఏం తిరిగిందో చెప్పనా? మధ్యాహ్నం దొంగతనంగా నడిపిన చిన్న మిషన్ తిరిగింది. వాన రోజు నవీనకి చెప్పిన డీజిల్ లెక్కలు తిరిగాయి. బేరం పోగొట్టింది వీడేనని అర్బాబుకి తెలిస్తే ఖబూరా ఇల్లు పోతుంది, వీసా పోతుంది, పాస్‌పోర్టు మీద దేశం విడిచిపొమ్మనే ఎగ్జిట్ ముద్ర పడుతుంది. క్యాంపు రూముల్లో మనవాళ్ళు కొత్తవాడికి నేర్పే మొదటి పాఠం ఒకటుంది. అర్బాబు ఏదడిగినా ముందు కాదను, తర్వాత చూసుకుందాం. అర్బాబుతో ఆడిన అబద్ధాన్ని అబద్ధమని ఏ రూములోనూ ఎవరూ అనుకోరు.

"ఏం కాదు అర్బాబ్," అన్నాడు ఓంకార్. "ఆమె ఎవరో కూడా నాకు సరిగ్గా తెలియదు."

హమూద్ మొహం నల్లబడింది. కాసేపు చాప వైపు చూసి, చల్లారిన కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. మిగిలిన ముగ్గురూ అలాగే తాగేశారు.

హమ్మయ్య, తాగారు! అనుకున్నాడు వెర్రివాడు. ఉత్సాహంగా మళ్ళీ పోయబోతే నలుగురూ కప్పులు ఊపి చాలన్నారు.

వాళ్ళు వెళ్ళాక సాలెం వాడి భుజం తట్టాడు. "మంచిది. రేపు సామాను ఎక్కించు, ఖబూరా పోదాం."

మర్నాడు పొద్దున తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, విప్పిన మిషన్ లారీ ఎక్కించి, ఓంకార్ క్లినిక్‌కి పోయాడు. గుమ్మంలో జైనబీ అడ్డం నిలబడింది.

"యాడికి?"

"నవీనతోని మాట్లాడాలె ఖాలా. మంచి ముచ్చట."

"నీ మంచి ముచ్చట నిన్న రాత్రికే వచ్చేసింది ఇక్కడికి. ఒరేయ్ అబ్బయా, నువ్వు పోసిన కాఫీ వాళ్లెందుకు ముట్టలేదో తెల్సునా నీకు?"

"బాగలేకనేమో."

"నీ తలకాయ! అడగనీకి వచ్చినోళ్లు, అడిగింది ఇస్తానని ఇంటాయన అనేదాకా కాఫీ ముట్టరు. ముట్టకుండా కూచుంటే ఎంతటోడైనా ఇయ్యాల్సిందే. మీ సాలెం ఇచ్చేసినట్టే. నిన్నొక్క మాట అడిగినాడంతే. నువ్వు ఆ పిల్లెవరో ఎరగనంటివి. ఇంక అడిగేదేం లేదని తాగి లేచినారు."

"మళ్ల ఒకసారి పోయి అడగమను ఖాలా. ఈసారి నేనే చెప్త."

"తాగినాక మళ్లీ అడగరు," అని జైనబీ పక్కకి తప్పుకుంది.

లోపల బెంచీ నిండా ఆడవాళ్ళు. మొదట్లో మౌజా కూర్చుంది. చివర సాలెం అర్బాబు చెల్లెలు, ఒళ్ళో దగ్గుతున్న పిల్లాడితో. నవీన ఎవరికో ఇంజెక్షన్ చేసి దూది అద్దుతోంది. తల ఎత్తలేదు. రాత్రంతా ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నవీనా, ఖబూరాల ఇల్లిస్తున్నడు అర్బాబు. రెండు రూములు. ఫ్యామిలీ వీసా కూడ. పెండ్లి జేసుకుందాం."

"ఎవర్ని?"

"ఎవర్నేంది? నిన్నే."

"నేనెవరో నీకు సరిగ్గ తెల్వదు గదా."

"అది అర్బాబు ముందర అన్న మాట! అర్బాబుతోని ఎవడన్న నిజం మాట్లాడ్తడా? నువ్వు నన్నడగకుండ వాళ్లను ఎందుకు పంపినవ్ అసలు? ఖబూరా సంగతి చెప్దామనే ఉంటి."

"మరి చెప్పకపోతివి. నిన్ను ఎక్కిచ్చి పంపుతరేమోనని నేను చస్తుంటే, నువ్వు చొక్క ఇస్త్రీ చేసుకుంటున్నవ్." ఆమె గొంతు పెరగలేదు. "అర్బాబు ముందర అన్న అంటున్నవ్. అక్కడ నలుగురు పెద్దమనుషులు కూసున్నరు. నా మాట పట్టుకుని వచ్చిన్రు వాళ్లు. నిన్నటి నుంచి ఈ బెంచీ మీద ఒక్కొక్కలు నన్ను చూసి జాలిపడుతున్నరు. పాపం, ఆ పిల్లెవరో వానికి తెల్వనే తెల్వదట అని. ఆ చేతులకే నేను సూదులెయ్యాలె."

"తప్పైంది. నీ కాళ్లు పట్టుకుంట."

"నా కాళ్లెందుకు?"

ఓంకార్ ఒక అడుగు ముందుకేశాడు. ఇన్నాళ్ళు అనని మాట, వాన రోజు కూడా అనని మాట, గట్టిగా అనేశాడు. "నువ్వంటే నాకు పానం నవీనా. నువ్వు లేకపోతే ఆ ఇల్లెందుకు నాకు? ఇంగో, ఇంత మంది ముందర చెప్తున్న."

నవీన అప్పుడు తల ఎత్తింది.

"తెలుగుల చెప్తున్నవ్. ఇక్కడ తెలుగు ఎవరికొస్తది? అరబ్బీల చెప్పు."

బెంచీ మీది మొహాలన్నీ వాడి వైపు తిరిగాయి. అరబ్బీలో అది రెండు ముక్కల మాట, వాడికి రాకపోవడమేమీ లేదు. మౌజా ముందుకు వంగి, చెవి వాడి వైపు పెట్టింది. చివర కూర్చున్న సాలెం చెల్లెలు పిల్లాడి దగ్గు ఆపి మరీ చూస్తోంది. ఆమె ఇక్కణ్ణుంచి నేరుగా ఇంటికే పోతుంది. ఇక్కడన్న మాట లారీ కదిలేలోపే అన్నకి చెబుతుంది. నిన్న తన ఇంటి మజ్లిస్‌లో, పెద్దల ముందు నిలబడి అబద్ధమాడిన మనిషిని ఆయన ఖబూరా తీసుకుపోతాడా? బయట లారీ ఇంజిన్ తిరుగుతోంది. వాడి పాస్‌పోర్టు అర్బాబు జేబులో ఉంది.

ఓంకార్ నోరు తెరిచాడు.

నవీన ఎదురుచూసింది. నిజంగానే చూసింది. ఆ ఒక్క మాట అంటే నిన్నటిదంతా మరిచిపోదామనే చూసింది. పనిపోయి, ఎగ్జిట్ కొట్టి మెట్‌పల్లికి తరిమినా వాడి వెనకే పోయేది, ఎండలోనైనా బతికేది. అంత కోపంలోనూ ఆమె కళ్ళు వాణ్ణి బతిమాలుతూనే ఉన్నాయి.

వాడి కళ్ళు బెంచీ చివరికి పోయి, తిరిగి నేల మీదికి వచ్చాయి. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు.

తెలుగు ఒక్క ముక్క రాని మౌజాకి అంతా అర్థమైంది. ఆమె మొహం అటు తిప్పుకుంది.

నవీన చేతిలోని దూది తొట్టిలో పడేసింది. చేతులు కడుక్కుంది. "తర్వాత ఎవరు?" అంది అరబ్బీలో.

సాలెం అర్బాబు చెల్లెలు పిల్లాణ్ణి ఎత్తుకుని లేచింది. ఓంకార్ ఆమెకి దారిచ్చి పక్కకి జరిగాడు.